డైసల్ఫిరామా, నాల్ట్రెక్సోనా?

మద్యం మాన్పించే మాత్రల్లో ఏది మేలు?

పనితీరు: డైసల్ఫిరామ్ వేసుకుని తాగితే ఒంట్లో ఎసిటాల్డిహైడ్ అనే విషపదార్థం పేరుకుంటుంది, ముఖం ఎర్రబడి, గుండె దడ, వాంతులు. నాల్ట్రెక్సోన్ తాగుడులోని హుషారును, తపనను తగ్గిస్తుంది.

ఖర్చు: మొదటిది చవక.

మొదలు: డైసల్ఫిరామ్‌కు చివరి గుక్క తర్వాత కనీసం 12 గంటలు ఆగాలి. నాల్ట్రెక్సోన్ తాగుతున్నవారికీ ఇవ్వవచ్చు.

ప్రమాదం: డైసల్ఫిరామ్ ఆపేశాక కూడా 14 రోజుల వరకు ప్రభావం ఉండవచ్చు, ఆ బాధలు రావడానికి ఆల్కహాల్ కలిసిన దగ్గుమందు కూడా చాలు. డైసల్ఫిరామ్‌ను తాగేవారికి తెలియకుండా కూరలో కలిపే ఇళ్లున్నాయి. దయచేసి ఆ పని చేయకండి, ప్రాణం పోవచ్చు. ట్రమడాల్ వంటి నల్లమందు తరహా (ఓపియాయిడ్) నొప్పిమాత్రలు వాడేవారికి నాల్ట్రెక్సోన్ పనికిరాదు.

పూర్తిగా మానాలనే పట్టుదల, రోజూ ఎదురుగా మాత్ర వేయించే మనిషి ఉంటే డైసల్ఫిరామ్. గుండెజబ్బున్నా, ముందు తగ్గించుకోవాలనుకున్నా నాల్ట్రెక్సోన్ గురించి డాక్టరును అడగండి.