ఫార్మాటా, ర్యామా, ఎస్‌ఎస్‌డీనా: పాత కంప్యూటర్‌కి ఏది మేలు?

మా బాబాయి కంప్యూటర్ 2016లో కొన్నది. ఐ3 ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్‌డిస్క్. మొన్న వాళ్లింటికి వెళ్లినప్పుడు చూశాను, స్విచ్ నొక్కి పెరట్లోకి వెళ్లి పళ్లు తోముకుని వచ్చాడు. అప్పటికి తెర మీద ఐకాన్లు ఒక్కొక్కటే పొడుచుకొస్తున్నాయి. "షాపులో ఇచ్చి ఫార్మాట్ కొట్టించేద్దామా?" అన్నాడు. డిస్క్ తుడిచేసి విండోస్ మళ్లీ ఎక్కించడమన్నమాట. మన దగ్గర కంప్యూటర్‌కి ఏ జబ్బు చేసినా ముందు రాసే మందు అదే.

"ఆగు బాబాయ్" అని కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కాను. టాస్క్ మేనేజర్ తెరుచుకుంది. సీపీయూ 12 శాతం, మెమరీ, అంటే తెరిచిన ప్రోగ్రాములు ఉండే ర్యామ్, 80 దాటింది, డిస్క్ మాత్రం 100 శాతం. తీరా ఆ డిస్క్ చదువుతున్నదెంత? సెకనుకు 3 ఎంబీ కూడా లేదు.

హార్డ్‌డిస్క్‌లో ఒక పళ్లెం గిర్రున తిరుగుతుంటుంది, దాని మీద చిన్న చెయ్యి అటూ ఇటూ కదులుతూ డేటా వెతుక్కుంటుంది. పెద్ద సినిమా ఫైలైతే వరసగా చదివేస్తుంది, సెకనుకు 100 ఎంబీ దాకా లాగుతుంది. విండోస్ మొదలయ్యేటప్పుడు కావాల్సినవి వేల కొద్దీ చిన్న ముక్కలు, తలోచోటా ఉంటాయి. ఒక్కోదాని దగ్గరికి చెయ్యి చేరడానికి పది మిల్లీసెకన్ల పైనే పడుతుంది. అంటే సెకనుకు వంద ముక్కలు కూడా అందవు. హార్డ్‌డిస్క్ బదులు వేసుకునే చిప్‌ల డిస్క్ ఎస్‌ఎస్‌డీ. అందులో తిరిగేదేమీ లేదు, ప్రతి ముక్కా మిల్లీసెకనులో పదో వంతుకే దొరుకుతుంది. తేడా అంతా ఇక్కడే ఉంది.

ఇక ఫార్మాట్ సంగతి. లాభం ఉండదని కాదు. ఏళ్ల తరబడి పేరుకున్న సాఫ్ట్‌వేర్, రెండేసి యాంటీవైరస్‌లు, ఎవరు ఎక్కించారో తెలియని టూల్‌బార్లు అన్నీ పోతాయి, కొన్నాళ్లు హాయిగా ఉంటుంది. కానీ పళ్లెం అదే, చెయ్యి అదే. అప్‌డేట్లు, బ్రౌజర్ అన్నీ మళ్లీ చేరేసరికి కథ మొదటికొస్తుంది. పైగా బాబాయి పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో కాలనీ సంఘం కరపత్రాలు కొడతాడు. ఫార్మాట్ కొడితే అవన్నీ మళ్లీ ఎక్కించాలి, ప్రింటర్ డ్రైవర్ వెతకాలి. ఆ సీడీలు ఎక్కడున్నాయో పిన్నికి కూడా తెలియదు. వైరస్ పట్టి ఎంత తుడిచినా పోనప్పుడు, విండోస్ ఫైళ్లే పాడైనప్పుడు ఫార్మాట్ సరైన మందు. ఉత్త నెమ్మదికి కాదు.

పైసా ఖర్చు లేని పనులు ముందు చేశాం. టాస్క్ మేనేజర్‌లోనే స్టార్టప్ అనే ట్యాబ్ ఉంటుంది. కంప్యూటర్ ఆన్ చేయగానే తమంతట తాము లేచి కూర్చునేవన్నీ అక్కడ కనిపిస్తాయి. పదకొండు ఉన్నాయి. యాంటీవైరస్, సౌండ్ డ్రైవర్ వదిలేసి మిగతావి డిసేబుల్ చేశాం. సీ డ్రైవ్‌లో 6 జీబీయే మిగిలి ఉంటే, డౌన్‌లోడ్స్‌లో పడున్న పెళ్లి వీడియోలు డీ డ్రైవ్‌లోకి మార్చాం. ఈ మాత్రానికే నిమిషంన్నర కలిసొచ్చింది. ఒక్క క్లిక్‌తో వేగం పెంచేస్తామనే క్లీనర్ సాఫ్ట్‌వేర్‌ల జోలికి మాత్రం పోవద్దు. చాలావరకు అవే ఇంకో స్టార్టప్ ప్రోగ్రామ్‌గా తయారవుతాయి. రోజూ షట్‌డౌన్ చేసేవాళ్లు వారానికోసారి రీస్టార్ట్ కూడా కొట్టండి. ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే షట్‌డౌన్‌లో విండోస్ పూర్తిగా మూతపడదు, రీస్టార్ట్‌లోనే పడుతుంది.

క్యాబినెట్ పక్క రేకు కూడా విప్పాం. ప్రాసెసర్ మీది ఫ్యాన్ కింద, హీట్‌సింక్ రేకుల మధ్య, దుమ్ము దూదిలా ముద్దకట్టి ఉంది. వేడి ఎక్కువైతే ప్రాసెసర్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. ఆన్ చేసిన పావుగంట బాగానే ఉండి, తర్వాత ఫ్యాన్ రొద పెట్టి కంప్యూటర్ మొరాయిస్తే అనుమానం ఇక్కడ పెట్టుకోవాలి. ప్లగ్ పీకేసి, మెత్తటి బ్రష్‌తో దులిపి, ఫ్యాన్ తిరక్కుండా వేలితో పట్టుకుని బ్లోయర్ కొట్టాం. తడిగుడ్డ వద్దు.

ర్యామా, ఎస్‌ఎస్‌డీనా అన్నదే అసలు తర్జనభర్జన. 4 జీబీ ఇప్పటి బ్రౌజర్లకి చాలదు, నాలుగు ట్యాబులు తెరిస్తే నిండిపోతుంది. నిండాక మిగిలింది విండోస్ డిస్క్ మీద దాస్తుంది. ఆ డిస్క్ హార్డ్‌డిస్క్ అయితే గోరుచుట్టు మీద రోకటిపోటే. ఇప్పటికే ఎస్‌ఎస్‌డీ ఉండి, మెమరీ ఎప్పుడూ 85, 90 దగ్గర ఆడుతుంటే కళ్లు మూసుకుని ర్యామ్ వేయించండి. కొనేముందు మీ ర్యామ్ రకం డీడీఆర్3యా, డీడీఆర్4యా చూసుకోవాలి, ఒకదాని స్లాట్‌లో ఇంకోటి కూర్చోదు. 32 బిట్ విండోస్ ఉంటే 4 జీబీ మించి వేసినా దండగే. బాబాయి దగ్గర పీక పట్టుకున్నది డిస్క్, పైగా 2025 చివరి నుంచి ర్యామ్ ధర బాగా ఎక్కింది. అందుకే నా ఓటు ఎస్‌ఎస్‌డీకే.

256 జీబీ సాటా ఎస్‌ఎస్‌డీ తెచ్చాం. డెస్క్‌టాప్‌కి సాటా కేబుల్ విడిగా అడిగి తీసుకోవాలి, డబ్బాలో ఇవ్వరు. ఫొటోలు ముందు పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, పాత డిస్క్‌లోని సీ డ్రైవ్‌ని ఎస్‌ఎస్‌డీలోకి క్లోన్ చేశాం, అంటే ఉన్నదున్నట్టు నకలు తీశాం. అను ఫాంట్లు, పేజ్‌మేకర్, ప్రింటర్ ఎక్కడివక్కడే ఉన్నాయి. హార్డ్‌డిస్క్ ఫొటోలకీ సినిమాలకీ అలాగే ఉంచాం. చెల్లాచెదురైన ముక్కల్ని ఒకచోటికి సర్దే డీఫ్రాగ్ ఎస్‌ఎస్‌డీకి అక్కర్లేదు, దానికి కావాల్సింది విండోసే చూసుకుంటుంది.

ఒక చిక్కు మిగిలింది. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు, అంటే మామూలుగా వచ్చే భద్రతా అప్‌డేట్లు, ముగిసింది, ఈ ప్రాసెసర్ విండోస్ 11 జాబితాలో లేదు. అందుకని బ్యాంకు పనులు ఫోన్‌లోనే చూసుకోమన్నాను.

మర్నాడు పొద్దున బాబాయి స్విచ్ నొక్కి బ్రష్ మీద పేస్ట్ వేసుకునేలోపు తెర వచ్చేసింది. రెండో ర్యామ్ స్లాట్ ఖాళీగానే ఉంది. ధర దిగాక చూద్దాంలే అన్నాడు.