18 నిండాక: పూర్తి సంరక్షకత్వమా, పరిమిత సంరక్షకత్వమా?

డౌన్ సిండ్రోమ్ ఉన్న బిడ్డకు 18 ఏళ్లు నిండగానే, చట్టం దృష్టిలో తల్లిదండ్రులు ఇక సహజ సంరక్షకులు కారు. 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద జిల్లాలో ఉండే స్థానిక స్థాయి కమిటీకి దరఖాస్తు చేసుకుంటే అది సంరక్షకుణ్ణి నియమిస్తుంది; ఇది పూర్తి సంరక్షకత్వం. ఆయన ఆరు నెలల్లోగా ఆస్తుల జాబితానూ, ఏటా ఆర్థిక సంవత్సరం ముగిసిన మూడు నెలల్లోగా జమాఖర్చుల లెక్కనూ కమిటీకి అప్పగించాలి. ఖాతా నడపడానికి ఈ కమిటీ పత్రాన్ని బ్యాంకులు అంగీకరించవచ్చని రిజర్వు బ్యాంకు చెప్పింది కనుక, వృద్ధులైన తల్లిదండ్రులకు ఇదే అనుకూలంగా తోస్తుంది.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 14వ సెక్షన్‌లోని పరిమిత సంరక్షకత్వం వేరు: ఫలానా నిర్ణయానికి, ఫలానా కాలానికి, దివ్యాంగ వ్యక్తి అభీష్టానికి అనుగుణంగా ఆ వ్యక్తీ, సంరక్షకుడూ కలిసి నిర్ణయం తీసుకోవాలి. బ్యాంకు కౌంటరు దగ్గర ఒక్కో అక్షరాన్నీ కూడబలుక్కుంటూ సంతకం పెడుతున్న అమ్మాయి ముందుకు గుమాస్తా ఇంకు ప్యాడు జరిపితే, ఆ సంతకం విలువ చెప్పగలిగేది ఈ చట్టమే. (తొందర గుమాస్తాదే, ఆమెది కాదు.) సంతకం చేయగలిగి, తన ఇష్టాయిష్టాలు చెప్పగలిగిన వారికి నేను రెండో దారినే ముందు సూచిస్తాను, స్థిరాస్తి పంపకాల చిక్కులున్న ఇంట మాత్రం మొదటిదాన్ని కాదనలేను.