ఉంబుంబులు వైపు ప్లాటు అంటున్నాడా? డబ్బు తీయకండి

దక్షిణాఫ్రికా డర్బన్‌లో మన గ్రూపుల్లో తిరిగే ఆ ప్లాట్ల ఏజెంటు ఎవరో మీకు తెలుసు, పేరు రాయను. ఉంబుంబులు దగ్గర కొండవాలు మీద ప్లాటు చూపించాడు. 1,80,000 రాండ్లు. నిన్నటితో గోవిందా.

అది ఇంగొన్యామా ట్రస్టు భూమి. 1994 ఎన్నికలకు కొద్ది రోజుల ముందు పెట్టిన ట్రస్టు, దాదాపు 28 లక్షల హెక్టార్లు. జులు రాజు ట్రస్టీ, భూమి అక్కడి జనానిది. ఇల్లు కట్టుకోవడానికి చోటు ఇస్తారు గానీ మన పేరున రిజిస్ట్రేషన్ ఉండదు. బ్యాంకుకి లోన్ కోసం వెళ్తే టైటిల్ డీడ్ ఏదని అడిగారు. అప్పుడు వెలిగింది నాకు.

వాడు చెప్పిందేమిటంటే, "2021లో హైకోర్టు లీజులు కొట్టేసింది అన్నా, ఇక ఎవరిది వాళ్లు అమ్ముకోవచ్చు." కొట్టేసిన మాట నిజమే. తరతరాలుగా ఉంటున్నవాళ్లతో ట్రస్టు లీజు రాయించుకుని అద్దె వసూలు చేయడం చెల్లదని చెప్పింది కోర్టు. వాళ్లను కాపాడే తీర్పుని వీడు నాకు అమ్మకం కాగితంలా చదివి వినిపిస్తే, బుద్ధిగా తలూపాను. ఊళ్లో ఎసైన్డ్ భూమి కొనొద్దని పదిమందికి చెప్పిన మేధావిని మరి!

నిన్న ఆ ఊరి ఇందూనా, అంటే ఊరి పెద్ద, దగ్గరికి వెళ్లాను. పెద్దాయన కుర్చీ వేయించి, నా కాగితం రెండు వైపులా తిప్పి చూసి, "ఈ సంతకం ఎవరిది?" అన్నాడు. ఏజెంటు ఇందూనా అని పరిచయం చేస్తే నేను రెండు చేతులతో ఖోంజా డబ్బు (చోటు కోసం ఊరి పెద్దకి ఆనవాయితీగా ఇచ్చేది) ఇచ్చింది ఇంకెవరికో! మేం మాట్లాడుతుంటే నేను పాతించిన కంచె స్తంభానికి ఒక మేక వీపు రుద్దుకుంటోంది.

బయటికొచ్చి ఏజెంటుకి ఫోన్ చేశాను. మూడు నెలలు "అన్నా అన్నా" అన్నవాడు, "సర్, రసీదు చదవండి. అమ్మకం అని ఎక్కడైనా ఉందా?" అన్నాడు. చదివాను. "సైటు చూపించినందుకు ఫీజు" అని ఉంది. కింద నా సంతకం కూడా ఉంది. పెట్టేసేముందు "థాంక్యూ సర్" అని కూడా అన్నాడు వెధవ.

పోలీసు కంప్లయింట్ ఇచ్చాను, చూద్దాం. మీరెవరైనా అడ్వాన్స్ ఇచ్చి ఉంటే వాడు లేకుండా మీరే ట్రెడిషనల్ కౌన్సిల్‌కి (అక్కడి సంప్రదాయ పెద్దల సభ) వెళ్లి అడగండి. ఇవ్వకపోతే ఇవ్వకండి, అంతే. నా కంచె స్తంభాలు 24 ఉన్నాయి, కావాలంటే చెప్పండి, వాటికి మాత్రం బిల్లు ఉంది.