నవధాన్యాల సంచి: చేనికి సరే, ఆవుకు ఏరి వేయాలి

రేటింగ్: 5కి 3

చిత్తూరు విత్తనాల అంగడిలో "పచ్చిరొట్టకీ, పచ్చిమేతకీ ఒకటే" అని అమ్ముతున్న, తొమ్మిది రకాల గింజలు కలిపిన 10 కిలోల సంచి ఇది. పచ్చిరొట్ట అంటే పచ్చగా ఉండగానే నేలలో కలియదున్నే పైరు. ఎకరాకు ఒకటి చాలంటారు. నేలను కప్పడానికి చాలుతుంది గానీ, మేతకైతే పలచనే. ఇంకో 4, 5 కిలోల అలసందలు కలిపి చల్లుకోవాలి.

చాటలో పోసి చూస్తే జనుము, జీలుగ, పిల్లిపెసర, అలసంద, కంది, ఉలవ, సద్ద కనిపించాయి. పుచ్చు లేదు, మట్టిబెడ్డలు లేవు. తడి గోనెలో చుట్టిపెడితే నాలుగో రోజుకు అన్నీ మొలిచాయి, జీలుగ తప్ప. దాని తోలు గట్టి. రాత్రంతా నానబెట్టి చల్లాలి, ఆ సంగతి సంచి మీద ఎక్కడా లేదు.

అసలు తంటా మిగిలిన రెండు గింజలతో: ఆముదం, జొన్న. ఆముదం వేరు లోతుకు దిగుతుంది, నేలకు మంచిదే, కానీ ఆకూ గింజా రెండూ పశువుకు విషం. జొన్న లేతగా ఉన్నప్పుడు, అందులోనూ వాన వెనకపట్టి వాడినప్పుడు తింటే నాము కొడుతుంది, అంటే లేత జొన్నలోని విషం పశువుకు ఎక్కుతుంది. పూత రాకముందు కోసి వేయకూడదు. మిగతావన్నీ 45 రోజులకే కోతకొస్తాయి కాబట్టి ఈ రెండూ కలిసిన చేలోకి ఆవును తోలడం ప్రమాదం. ఆముదం గింజ పెద్దది, చేత్తో ఏరేయొచ్చు. జొన్నను జల్లెడ పట్టినా పూర్తిగా పోదు.

"గట్టి నేలను పగలగొడుతుంది" అని అమ్మేవాళ్లు చెప్పే మాట కొంచెం ఎక్కువైంది. మన ఎర్రనేలల్లో మడక దిగేచోటు కింద బిగిసిన పొరను ఛేదించే వేరు కందిది, అయితే 45 రోజుల్లో అంత పని కాదు. కోసేటప్పుడు కంది మొక్కల్ని వదిలేసి కాయ కోతదాకా ఉంచితేనే ఫలితం. జనుము మొక్కనొకదాన్ని పారతో లేపి వేరుబుడిపెను గోటితో చీల్చండి. లోపల గులాబీరంగుంటే నత్రజని పట్టుతోందని, పచ్చగానో తెల్లగానో ఉంటే లేదని. అలాంటి చేనికి వచ్చేసారి 10 కిలోల విత్తనానికి 200 గ్రాముల రైజోబియం (వేరుబుడిపెల్లో నత్రజని పట్టే సూక్ష్మజీవుల పొడి) బెల్లపు నీళ్లతో పట్టించాలి.

మేపేముందు చెనిక్కాయ కట్టెనో (కాయ తీసేసిన ఎండు చెట్టు) వరిగడ్డినో పెట్టండి. మంచుతడి ఉన్న అలసంద, పిల్లిపెసర ఖాళీ కడుపున మేస్తే కడుపు ఉబ్బుతుంది. కోసి సగం పూట వాడనిస్తే ఇంకా మేలు.

అంతా కోసి ఆవుకు వేస్తే నేలకు మిగిలేది వేర్లు, మోళ్లే. పేడ తిరిగి అదే చేనికి రావాలి. కలియదున్నేవాళ్లు పూత దశలో దున్ని, చెనిక్కాయ విత్తడానికి రెండు మూడు వారాలు ఆగాలి. కుళ్లని రొట్ట మీద విత్తితే మొదలుకుళ్లు పట్టుకుంటుంది.

సంచి మీద మొలకశాతం గానీ, లాటు నంబరు గానీ లేవు. కొనేప్పుడు బిల్లు మీద రాయించుకోండి.