ఏ మైలు మేలు?

మైలు అనగానే రోడ్డు పక్కన పాతిన రాయి గుర్తొస్తుంది, కొలత కూడా అలాగే కదలనిది అనిపిస్తుంది. నిజానికి ఈ ఒక్క పేరు చెప్పుకుని తిరిగిన కొలతలు చాలానే ఉన్నాయి.

మాట పుట్టింది లాటిన్‌లో. 'మిల్లే పాస్సూస్' అంటే వెయ్యి అంగలు. రోమన్ల అంగ అంటే ఎడమకాలు ఆనిన చోటి నుంచి మళ్లీ అదే కాలు ఆనే చోటి దాకా, అంటే ఐదు రోమన్ అడుగులు. ఎడమకాలు పడ్డప్పుడల్లా ఒకటి, రెండు అని లెక్కపెట్టుకుంటూ పోతే వెయ్యి దగ్గర మైలు పూర్తి. సుమారు 1,480 మీటర్లు. బద్ద అక్కర్లేదు, గొలుసు అక్కర్లేదు. పొడుగు కాళ్లవాడి మైలు వేరు, పొట్టి కాళ్లవాడి మైలు వేరు అనేదే తంటా.

ఇంగ్లండులో దాని మీదికి నాగలి ఎక్కింది. రోమన్ మైలుకు ఎనిమిది స్టేడియాలు; స్టేడియం అంటే ఇక్కడ ఆటస్థలం కాదు, అప్పటి ఓ దూరపు కొలత. ఆ స్టేడియం స్థానంలో ఇంగ్లీషువాళ్లు ఫర్లాంగును కూర్చోబెట్టారు. ఫర్లాంగు అంటే 'చాలు పొడవు', 660 అడుగులు. పొలాల కొలతలన్నీ దాంతో ముడిపడి ఉన్నాయి, దాన్ని కదిపితే గట్లు కదులుతాయి. అందుకని మైలునే సాగదీసి, 1593లో ఎలిజబెత్ రాణి కాలపు చట్టంతో 5,280 అడుగులు చేశారు. ఇప్పటి లెక్కలో 1,609.344 మీటర్లు. పేరులో ఉన్న వెయ్యి ఏమైనట్టు? గజాల్లో చూస్తే 1,760, అంగుళాల్లో 63,360. నోటిలెక్కకు లొంగేది ఒక్కటీ లేదు. నా ఓటు దీనికి పడదు.

సముద్రపు మైలు తీరే వేరు. అది కాలినీ నాగలినీ వదిలేసి భూమినే పట్టుకుంది. అక్షాంశంలో ఒక డిగ్రీని అరవై భాగాలు చేస్తే వచ్చే ఒక్క భాగం, అంటే ఒక నిమిషం, ఒక మైలు. పటం మీద రెండు రేవుల మధ్య డివైడర్ మొనలు ఆనించి, అదే ఎడంతో దాన్ని పటం పక్క అంచుకు జరిపితే చాలు: అక్కడ ఎన్ని నిమిషాలుంటే అన్ని మైళ్లు. పక్క అంచే సుమా, పైఅంచు కాదు. పైఅంచు మీద ఉండేవి రేఖాంశాలు, అవి ధ్రువాల వైపు దగ్గరపడిపోతాయి, 60 డిగ్రీల అక్షాంశం దగ్గర వాటి మధ్య దూరం భూమధ్యరేఖ దగ్గర ఉన్నదాంట్లో సగమే. ఇందులోనూ చిన్న మెలిక ఉంది. భూమి అచ్చమైన గుండ్రం కాదు కాబట్టి ఆ నిమిషం భూమధ్యరేఖ దగ్గర సుమారు 1,843 మీటర్లు, ధ్రువాల దగ్గర 1,862. ఆ తగవు తీర్చడానికి 1929లో మొనాకోలో జరిగిన అంతర్జాతీయ సమావేశం 1,852 అని ఖాయం చేసింది. ఓడల, విమానాల వేగం చెప్పే నాట్ కూడా దీని బిడ్డే: గంటకు ఒక సముద్రపు మైలు. 'గంటకు 20 నాట్లు' అని రాస్తే గంటను రెండుసార్లు లెక్కేసినట్టే.

పనికొచ్చే మైలు ఏదంటే నేను దీన్నే చూపిస్తాను.

స్వీడన్, నార్వేలవాళ్లది ఇంకో దారి. మెట్రిక్ పద్ధతికి మారినా 'మిల్' అన్న పాత మాటను వదులుకోలేక, దాన్ని సరిగ్గా 10 కిలోమీటర్లకు సర్దేశారు. లెక్కకు సుఖమే. కానీ అక్కడ ఎవరైనా 'రెండు మైళ్లే, నడిచి పోవచ్చు' అంటే మాత్రం చెప్పులు వేసుకోకండి.