వండిన పొలం కూరలు దాచడానికి లాక్ మూత గాజు డబ్బా పనికొస్తుందా?

వానలు పడగానే చేలగట్ల మీద గునుగు, తుమ్మి, చెంచలి, పొన్నగంటి అన్నీ ఒక్కసారే వస్తాయి. వండినవి దాచడానికి నాలుగు వైపులా లాక్ పడే బోరోసిలికేట్ (వేడిని బాగా తట్టుకునే) గాజు డబ్బా చాలా మంచిది. పసుపు, నూనె మరకలు ప్లాస్టిక్‌కు పట్టినట్టు గాజుకు పట్టవు. చింతపండు పులుపు గాజును ఏమీ చేయదు, అల్యూమినియం గిన్నెనైతే తినేస్తుంది.

ఇబ్బందంతా మూతతోనే. వేడి కూర పోసి లాక్ వేస్తే ఆవిరి మూతకు పట్టి నీళ్లై కూరలోకి కారుతుంది. చల్లారాక లోపల గాలి ఒత్తిడి తగ్గి మూత బిగుసుకుపోతుంది. వెడల్పాటి పళ్లెంలో పరిచి ఆరనిచ్చి, వండిన రెండు గంటల్లోపే ఫ్రిజ్‌లో పెట్టాలి. ఆకుకూరల్లో నైట్రేట్లు సహజంగానే ఉంటాయి. కూర గంటల తరబడి బయట ఉంటే బ్యాక్టీరియా వాటిని హాని చేసే నైట్రైట్లుగా మారుస్తుంది. అలా ఉన్న కూర పసిపిల్లలకు అసలు పెట్టకూడదు.

4 డిగ్రీల దగ్గర వేపుడైనా పప్పైనా మూడు రోజులు బాగుంటుంది. తినేంత తీసి, పొగలొచ్చేలా ఒక్కసారే వేడిచేయాలి. డబ్బా మొత్తం మళ్లీ మళ్లీ వేడిచేసి చల్లార్చితే రుచీ పోతుంది, త్వరగా పాడవుతుంది కూడా.

నెలల తరబడి ఉండాలంటే ఫ్రీజరే దారి. ఏరి కడిగిన ఆకును మరిగే నీళ్లలో రెండు నిమిషాలు ఉంచి, వెంటనే చల్లటి నీళ్లలో వేసి, గట్టిగా పిండి, ఒక పూటకు సరిపడా ముద్దలు చేసుకోవాలి. నీళ్లు మిగిలితే అవే మంచుపలుకులై ఆకును మెత్తబరుస్తాయి. పులుపు మాత్రం అప్పుడే కలపొద్దు, ఆకుపచ్చ పోయి మట్టిరంగు వస్తుంది. కరిగించి తాలింపు పెట్టేటప్పుడు వేస్తే చాలు. పప్పులాంటి నీరున్న కూరకు డబ్బాలో రెండు సెంటీమీటర్ల ఖాళీ వదలాలి, గడ్డకట్టే నీరు ఉబ్బుతుంది. ఫ్రీజర్ నుంచి తీసి నేరుగా మైక్రోవేవ్‌లో పెడితే ఈ గాజు కూడా పగలొచ్చు. ముందురోజు రాత్రి ఫ్రిజ్ కింది అరలోకి మార్చాలి.

లాక్ మూత గాలి చొరనివ్వదు కదా అని కూరను బయట పెట్టడం ప్రమాదం. గాలి లేని చోటే బాటులిజం అనే ప్రాణాంతక జబ్బు తెచ్చే విషాన్ని పుట్టించే బ్యాక్టీరియా పెరుగుతుంది. గోంగూర పచ్చడి నిలవ ఉండేది దాని పులుపు, ఉప్పు వల్ల. తుమ్మికూర మీద నూనె తేలేలా పోసినా అది పచ్చడి కాదు.

మూతలోని సిలికాన్ రింగు వారానికోసారి ఊడదీసి కడగాలి, వెల్లుల్లి వాసన, బూజు చేరేది అక్కడే. కొనేటప్పుడు ఆ రింగు ఊడివస్తుందో లేదో చూడండి. ఊడనిది తీసుకోవద్దు. పెద్దది ఒకటి కాకుండా 400 మిల్లీలీటర్లవి మూడు కొంటే, తెరిచినప్పుడల్లా కూరంతా గాలికి, గరిటె తడికి గురికాదు.