లక్కపిడతలకు రెడ్‌హిల్స్‌లో ఇల్లు: ఆరేళ్ల గోదాము సేవపై సమీక్ష

మేము చెన్నై పెరంబూరులో ఉంటూ ఏటికొప్పాక లక్కబొమ్మలు తెప్పించి ఆన్‌లైన్‌లో అమ్ముతాము. మొదటి మూడేళ్లు సరుకంతా ఇంట్లోనే ఉండేది. ముందుగది నిండింది, మంచం కింద నిండింది, చివరికి దేవుడి గది తలుపు తీయాలన్నా అట్టపెట్టెలు జరపవలసి వచ్చేసరికి, 2019 జూన్‌లో రెడ్‌హిల్స్ దాటాక ఉన్న ఒక గోదాము సంస్థకు సరుకు అప్పగించాము. లారీ నుంచి దించుకోవడం, అరల్లో సర్దడం, ఆర్డరు రాగానే ఏరి ప్యాక్ చేసి కొరియరుకు ఇవ్వడం, తిరిగివచ్చినవాటిని పుచ్చుకోవడం, అన్నీ వాళ్ల పనే. ఆరేళ్లకు పైగా వాడిన తర్వాత ఈ సమీక్ష రాస్తున్నాను. సంస్థ పేరు కావాలనే రాయలేదు. నాకు ఎదురైన చిక్కుల్లో చాలావరకు ఏ గోదాముతోనైనా ఎదురయ్యేవేనని నా అభిప్రాయం.

ముందుగా చోటు గురించి. అనకాపల్లి జిల్లాలోని ఏటికొప్పాక నుంచి బయలుదేరిన లారీ 16వ నంబరు జాతీయ రహదారి మీద తడ, గుమ్మిడిపూండి దాటి వస్తుంది కనుక, నగరంలోకి రాకముందే రెడ్‌హిల్స్ తగులుతుంది. పగటిపూట భారీ వాహనాలను నగరంలోకి రానివ్వరు. ఇంట్లో సరుకు ఉంచుకున్న రోజుల్లో లారీ మాధవరంలో ఆగిపోతే, అక్కడి నుంచి చిన్న బండి మాట్లాడుకుని, ఇంకోసారి ఎక్కించి, ఇంకోసారి దించుకునేవాళ్లము. ఎక్కించి దించిన ప్రతిసారీ ఒకటో రెండో బొమ్మల ముక్కులు విరిగేవి. శ్రీపెరుంబుదూరు వైపు కొత్త గోదాము ఒకటి కొంత తక్కువ అద్దెకే ఇస్తామన్నది గాని, ఉత్తరం నుంచి వచ్చే సరుకు ఊరంతా చుట్టుకుని పడమటికి పోవడంలో అర్థం కనిపించలేదు. ఆ నిర్ణయం గురించి ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా చింతించలేదు.

ఒక్క గోదాముతో దేశమంతటికీ పంపగలగడం మాలాంటి చిన్న వ్యాపారులకు జీఎస్టీ తర్వాతనే తేలికైంది. 2017 జులైకి ముందు రాష్ట్రం దాటిన అమ్మకం మీద కేంద్ర అమ్మకపు పన్ను పడేది, సొంత డిపోకు సరుకు తరలిస్తే పడేది కాదు. అందుకే పెద్ద కంపెనీలు అవసరం ఉన్నా లేకపోయినా రాష్ట్రానికొక గోదాము పెట్టుకునేవి. ఆ అవసరం ఇప్పుడు లేదు. అయితే ఇతరుల గోదాములో సరుకు ఉంచినా దాన్ని మన జీఎస్టీ రిజిస్ట్రేషన్‌లో అదనపు వ్యాపార స్థలంగా చూపించి తీరాలి. గోదాము వాళ్ల నుంచి దానికి కావలసిన అంగీకార పత్రం రావడానికే మాకు మూడు వారాలు పట్టింది. ఒప్పందం మీద సంతకం పెట్టేముందే ఆ పత్రం చేతికి తీసుకోవడం మంచిది.

సరుకు వెంట ఉండవలసిన జీఎస్టీ రవాణా పత్రం, ఈ-వే బిల్లు, సంగతి కూడా చెప్పాలి. సరుకు విలువ 50,000 రూపాయలు దాటి రాష్ట్రం సరిహద్దు దాటితే 2018 ఏప్రిల్ నుంచి అది తప్పనిసరి. బొమ్మలు చేసేవారికి రిజిస్ట్రేషన్ లేదు కాబట్టి పుచ్చుకునే మేమే దాన్ని తీస్తాము. 200 కిలోమీటర్లకు ఒక రోజు చొప్పున గడువు ఇస్తారు. మా దూరానికి నాలుగు రోజులు వస్తుంది. నిండు లారీ అయితే అది ధారాళంగా సరిపోతుంది. మాది పార్ట్‌లోడు, అంటే ఇతరుల సరుకుతో కలిపి ఒకే లారీలో వచ్చేది. విజయవాడలో సరుకు దించి వేరే లారీకి ఎక్కిస్తారు, ఆ కొత్త బండి నంబరు బిల్లులో మార్చాలి. ఒకసారి అక్కడే రెండు రోజులు పడి ఉండడంతో గడువు ముగియబోయింది. గడువు తీరడానికి ఎనిమిది గంటల ముందు నుంచి తీరిన ఎనిమిది గంటల తర్వాత వరకే పొడిగించే వీలుంటుంది. అర్ధరాత్రి అలారం పెట్టుకుని లేచి పొడిగించాను. ఈ పని గోదాము చేయదు, ట్రాన్స్‌పోర్టు వాళ్లు గుర్తు చేయరు.

అసలు కష్టం సరుకు స్వభావంతో వచ్చింది. ఏటికొప్పాక బొమ్మకు అంకుడు కర్రను తరిమెన (లేత్ యంత్రం) మీద తిప్పుతూ, రంగు కలిపిన లక్కను ఆనిస్తారు. ఆ రాపిడి వేడికి లక్క కరిగి కర్రను పట్టుకుంటుంది. వేడికి పట్టిన లక్క వేడికే మెత్తబడుతుందన్నది మాకు తెలుసు, గోదాముకు తెలియదు. 2021 మే నెలలో మా సరుకును అరల్లో అన్నింటికంటే పై వరుసలో, రేకుల కప్పుకు చేతికందేంత దూరంలో పెట్టారు. జూన్‌లో ఒక కొనుగోలుదారు పంపిన ఫోటో చూస్తే ఎర్రటి చిన్న బిందె మీద, అమ్మవారు పోసి తగ్గిన ముఖంలా, వరుసగా గుండ్రటి గుంటలు కనిపించాయి. మెత్తబడిన లక్క మీద బబుల్ ర్యాప్ అచ్చు పడింది. ఆ వరుసలోని అరవై ఏడు సెట్లనూ విప్పి చూస్తే నలభైకి పైగా అలాగే ఉన్నాయి. అప్పటి నుంచి ముందు పలుచని కాగితం, దాని మీద మెత్తటి గుడ్డపీలిక చుట్టి, ఆ పైననే బబుల్ ర్యాప్ వేయిస్తున్నాము. మా సరుకు నేల నుంచి రెండో వరుసలోనే ఉండాలని ఒప్పందంలో ఒక వాక్యం చేర్పించాము. కింది వరుస ఎందుకు కాదో 2023లో తెలిసింది. అది తర్వాత చెబుతాను.

రెండో పాఠం లక్కపిడతలు నేర్పాయి. మా సెట్టులో పొయ్యి, తిరగలి, రోలు, రోకలి, బిందె, గిన్నెలు అన్నీ కలిపి పద్నాలుగు ఉంటాయి. హైదరాబాదు నుంచి ఒకావిడ రోలు వచ్చింది, రోకలి రాలేదని రాశారు. ఆవిడకు ఇంకో సెట్టు పంపాము. పది రోజులకు బెంగళూరు నుంచి అదే ఫిర్యాదు. ఆరా తీస్తే, హైదరాబాదు నుంచి తిరిగివచ్చిన ఆ పెట్టెనే మంచి సరుకులో కలిపి బెంగళూరుకు పంపారని తేలింది. గోదాములో పర్యవేక్షకుడు సూళ్లూరుపేట అబ్బాయి, మనవాడే; నిలదీస్తే ఏ దాపరికమూ లేకుండా చెప్పాడు: "మేడమ్, సిస్టమ్‌లో అది ఒక్కటే ఐటమ్. పెట్టె వచ్చింది, పెట్టె పెట్టాం." అతని తప్పు లేదు. పెట్టె మీద ఒకే బార్‌కోడ్ అంటించి, లోపల పద్నాలుగు వస్తువులు పెట్టింది మేము.

తిరిగివచ్చిన ప్రతి పెట్టెనూ తూకం వేయమని మొదట అడిగాము. అది పనికిరాలేదు; వాళ్ల కాటా పది గ్రాముల తేడా మాత్రమే చూపిస్తుంది, మా రోకలి అంత బరువు కూడా తూగదు. చివరికి పద్నాలుగు గళ్లున్న అట్ట చేయించి, ఒక్కో గడిలో ఒక్కో పిడత కూర్చునేలా అమర్చాము. మూత తెరిస్తే ఖాళీ గడి ఎవరికైనా కనిపిస్తుంది. సెట్టుకు ఆరు రూపాయల ఖర్చు పెరిగింది, ఆ ఫిర్యాదు పూర్తిగా ఆగిపోయింది. తిరిగివచ్చిన సరుకును మా అనుమతి లేకుండా అమ్మకపు అరలోకి చేర్చకూడదని కూడా రాయించుకున్నాము; నెలకొకసారి నేనే వెళ్లి చూసి వేరు చేస్తాను.

కొరియరు ఖర్చు విషయంలో మాలాంటి తేలిక సరుకు అమ్మేవారు ఒళ్లు దగ్గర పెట్టుకోవాలి. అసలు బరువు, పరిమాణపు బరువు అనే రెండింటిలో ఏది ఎక్కువైతే దానికే ధర కడతారు. పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తులను సెంటీమీటర్లలో గుణించి 5,000తో భాగిస్తే వచ్చేది పరిమాణపు బరువు. ఒక నవరాత్రి సీజనులో గోదాములో మధ్యరకం పెట్టెలు అయిపోతే, కొయ్య రైళ్లను 45, 35, 30 కొలతల పెద్ద పెట్టెల్లో సర్ది పంపేశారు. లోపల సరుకు 3.2 కిలోలు, బిల్లు పడింది 9.45 కిలోలకు. అదే సరుకు 40, 28, 24 పెట్టెలో సుఖంగా పడుతుంది; అప్పుడు లెక్క 5.4 కిలోల దగ్గర ఆగుతుంది. ఆ వారంలో వెళ్లిన రైళ్లన్నింటి మీదా మేము గాలికి కిరాయి కట్టాము. ఇప్పుడు మూడు కొలతల పెట్టెలు మేమే చేయించి గోదాములో ఉంచుతాము, ఏ బొమ్మ ఏ పెట్టెలో వెళ్లాలో బార్‌కోడ్‌తోనే తెరమీద కనిపిస్తుంది. పెట్టెలు కూడా మూడు పొరల నుంచి ఐదు పొరలకు మార్చాము, ఎందుకంటే ఈశాన్య రుతుపవనాల తేమకు నవంబరులో అట్ట మెత్తబడి, ఆరు పెట్టెల దొంతరలో అడుగుది నలిగిపోయేది. ఇప్పుడు నాలుగుకు మించి పేర్చరు.

సీజన్ల విషయంలో మాకూ వాళ్లకూ నేటికీ పొత్తు కుదరలేదు. తమిళుల ఇళ్లలో కొలువు నవరాత్రికి. దానికి గోదాము ఆగస్టు నుంచే తాత్కాలిక మనుషులను పెట్టుకుని సిద్ధంగా ఉంటుంది, దీపావళి దాకా పని బాగానే సాగుతుంది. మా కొనుగోలుదారుల్లో సగానికి పైగా కోస్తా జిల్లాల వారు, వాళ్లలో చాలామందికి బొమ్మల కొలువంటే సంక్రాంతి. భోగినాటికి బొమ్మలు ఇంట్లో ఉండాలి. సరిగ్గా ఆ వారంలోనే గోదాము మనుషులు పొంగలుకు సొంతూళ్లకు పోతారు, కొరియరు బండ్లు రావు. రెండు సంక్రాంతులు తిట్లు తిన్నాక, జనవరి 5 తర్వాత వచ్చే ఆర్డర్లకు పండుగలోపు హామీ ఇవ్వడం మానేశాము. ఇక కరోనా సమయం గురించి ఎక్కువ రాయనవసరం లేదు. 2020 మార్చి 25 నుంచి బొమ్మలు అత్యవసర సరుకు కాదు కాబట్టి కదలలేదు, అద్దె మాత్రం కదిలింది.

2023 డిసెంబరు మొదటి వారంలో మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటేముందు చెన్నైని ముంచెత్తింది. గోదాము లోపలికి జానెడు నీళ్లు వచ్చాయి. పెట్టెలను పేర్చే చెక్కపీట, అంటే ప్యాలెట్టు, ఎత్తు అంతకంటే తక్కువ. కింది వరుసలో ఉన్నవారి సరుకంతా తడిసింది. రెండో వరుసలో మా సరుకు భద్రంగానే ఉంది గాని, సంక్రాంతి కోసం రెండు రోజుల ముందే దిగిన ముప్పై ఎనిమిది పెట్టెలు ఇంకా లెక్క చూసి రసీదు ఇవ్వకపోవడంతో లారీ దించే చోట నేలమీదనే ఉన్నాయి. అన్నీ పోయాయి. రసీదు ఇవ్వని సరుకుకు తమ బాధ్యత లేదని ఒప్పందంలోని ఒక నిబంధన చూపించారు. మా అగ్నిప్రమాద బీమాలో తుఫాను, వరద కూడా ఉన్నాయి. అయితే పాలసీలో ఉన్న చిరునామా పెరంబూరుది, సరుకు ఉన్నది రెడ్‌హిల్స్‌లో. నాలుగేళ్లు ప్రీమియం కట్టి కూడా చిరునామా చేర్పించని తప్పు నాదే. గోదాముకు సరుకు పంపేవారు ఈ సమీక్షలో ఒక్కటే చదవదలిస్తే ఈ పేరా చదవండి.

ఇన్ని చెప్పి కూడా ఎందుకు కొనసాగుతున్నామంటే, లెక్క విషయంలో వాళ్లను వంక పెట్టలేము. మొన్న మార్చిలో నిల్వలన్నీ లెక్కిస్తే రెండు వేలకు పైగా పెట్టెల్లో తేడా వచ్చింది మూడే. మధ్యాహ్నం ఒంటిగంటలోపు వచ్చిన ఆర్డరు మామూలు రోజుల్లో అదే సాయంత్రం బయలుదేరుతుంది. ఇంట్లో ప్యాకింగు చేసిన రోజుల్లో రాత్రి పదకొండుకు కూడా టేపు అంటిస్తూ ఉండేవాళ్లము. ప్రైవేటు కొరియర్లు చేరని పల్లెల ఆర్డర్లను మాత్రం గోదాము తీసుకోదు. వాటిని నేనే పోస్టాఫీసుకు తీసుకెళ్లి స్పీడ్ పోస్టులో వేస్తాను. మీ సరుకు ఒకే రకంగా, పగలనిదిగా ఉండి, నెలకు మూడు నాలుగు వందల ఆర్డర్లు ఉంటే నిస్సంకోచంగా ఇలాంటి సేవ తీసుకోవచ్చు. అంతకంటే తక్కువైతే, సరుకు ఉన్నా లేకపోయినా కట్టవలసిన కనీస నెలవారీ బిల్లు లాభాన్ని తినేస్తుంది. ఏప్రిల్ నుంచి జులై వరకు మేమే ఖాళీ ప్యాలెట్లకు అద్దె కడుతున్నాము.

దశావతారాల సెట్లను మాత్రం గోదాముకు పంపడం మానేశాము. పరశురాముడి గొడ్డలి విరిగిందో లేదో పెట్టె బయటి నుంచి తెలియదు. అవి మళ్లీ మా మంచం కిందికే చేరాయి. ప్రస్తుత ఒప్పందం వచ్చే మార్చి వరకు ఉంది. పొడిగించే ఉద్దేశంతోనే ఉన్నాము. కనీస బిల్లును నాలుగు ప్యాలెట్ల నుంచి మూడుకు తగ్గించాలని, దింపిన సరుకుకు ఇరవై నాలుగు గంటల్లో రసీదు ఇవ్వాలని రాశాము. మొదటిదానికి ఆలోచిస్తామన్నారు, రెండోదానికి ఇంకా జవాబు రాలేదు.